కొత్త టైర్లు వచ్చేదాకా

జూన్ 4

ఆవిడ వాళ్ళక్క ఇంటికి వెళ్ళి ఇవాళ్టికి ఆరు రోజులు. కోపంతో వెళ్ళలేదు. కోపంతో వెళ్ళే మనిషి స్టవ్ తుడిచి, గ్యాస్ కట్టేసి, పాలవాడికి ఇక మీదట అర లీటరు చాలని చెప్పి వెళ్ళదు. వదినకి మోకాలు బాగాలేదు. అందుకని వెళ్ళింది.

వ్యానుకీ దీనికీ సంబంధం లేదు.

అయినా రాసిపెడతాను. మా వ్యాను పాతది, పదకొండేళ్ళు. ఆవిడ నర్సరీలో పెంచిన నారు అందులోనే రైతులకి వెళ్ళేది, నిజమే. సీట్లు తీసేస్తే ఒక విడతకి నూట అరవై ట్రేలు పట్టేవి. క్వారీ ఆయన దగ్గర రెండు సీట్ల కారు ఒకటి ఉంది. ఎర్రది, పైకప్పు వెనక్కి మడిచేయవచ్చు, నేల మీద పాకుతున్నట్టు ఉంటుంది. ఆయన నడుముకి అందులో దిగడం, లేవడం కుదరడం లేదు. "కాటా గారూ, మీ వ్యాను నాకిచ్చేయండి, కూలీలని తిప్పుకుంటాను. ఇది మీరు తీసుకోండి" అన్నాడు. లారీల కాటా దగ్గర ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్నాను కాబట్టి అందరికీ నేను కాటా గారినే. ఆ పూటే కాగితాలు మార్చుకున్నాం.

సాయంత్రం ఆవిడకి చెప్పాను. చెప్పకుండా ఏమీ లేను. ముందు చెప్పలేదు, అంతే.

ఆవిడ గుమ్మంలో నిలబడి కారు వంక చూసి, "రేపటి ట్రేలు ఎందులో పోతాయి?" అని అడిగింది. "చూద్దాం" అన్నాను. మర్నాడు వాళ్ళ బావగారు ట్రాక్టరుకి ట్రాలీ తగిలించుకుని వచ్చాడు. ట్రేలు ఎక్కించారు. తర్వాత ఆవిడ కూడా ఎక్కింది.

వెళ్ళి తీసుకురావాలి. కానీ కారు టైర్లు అరిగి నున్నగా ఉన్నాయి. నలభై కిలోమీటర్లు ఆ టైర్ల మీద పోవడం బాధ్యత ఉన్న మనిషి చేసే పని కాదు. టైర్లు మార్చగానే వెళ్తాను.

జూన్ 5

టైరు గాడిలో అగ్గిపుల్ల పెట్టి చూశాను. తల కూడా మునగలేదు. నేను చెప్పింది నిజమే.

జూన్ 7

కాటాకి ఎదురుగా పంక్చరు మామ షెడ్డు. చుట్టుపక్కల ట్రాక్టర్ల చక్రాలన్నీ ఆయన చేతి మీదుగానే పోతాయి. ఎవరినైనా అల్లుడూ అనే పిలుస్తాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, వంగి చూసి, నడుం పట్టుకుని లేచాడు.

"ఇది బండా, సబ్బుపెట్టా?"

"టైర్లు మార్చాలి మామా."

"మార్చాలి. ముందువి ఒక సైజు, వెనకవి ఇంకో సైజు ఉన్నాయి, చూసుకున్నావా? ఎవడో నిన్ను ముంచాడు."

"ముంచలేదు. ఈ కారుకి అట్లాగే ఉంటాయి."

"ట్రాక్టరుకీ అట్లాగే ఉంటాయి. కాని అది దున్నుతుంది."

ఈ సైజు తన దగ్గరే కాదు, ఈ ఊళ్ళోనే దొరకదన్నాడు. పట్నంలో పెద్ద డీలరు నంబరు ఇచ్చాడు. తెప్పిస్తే ఎక్కించేది మాత్రం తనేనట.

జూన్ 8

డీలరు టైర్ల పుస్తకం పంపాడు. మూడు రకాలు ఉన్నాయి. మెత్త రబ్బరువి మలుపులో రోడ్డుని వదలవు గానీ రెండేళ్ళు కూడా రావు. గట్టివి ఐదేళ్ళు వస్తాయి, వానలో కొంచెం జారతాయి. మధ్యరకానికి రెండు గుణాలూ కొంచెం కొంచెం ఉంటాయి. సైజు అంకెల చివర ఒక అక్షరం వేస్తారు, టైరు ఎంత వేగం దాకా తట్టుకుంటుందో చెప్పడానికి. మెత్తవాటికి గంటకి రెండు వందల డెబ్బై. మా ఇంటి నుంచి కాటాకి నాలుగు కిలోమీటర్లు. మధ్యలో మేకలు.

తొందరపడి తీసుకునే నిర్ణయం కాదు ఇది.

ఫోను చేశాను.

"మోకాలు ఎలా ఉంది?"

"ఎవరి మోకాలు?"

"వదినది."

"బాగానే ఉంది. మిరప నారుకి నీళ్ళు పెడుతున్నారా?"

"పెడుతున్నాను."

"రోజూనా?"

"రోజూ."

ఫోను పెట్టేసి వెళ్ళి నీళ్ళు పెట్టాను.

జూన్ 10

తోడల్లుడు ట్రాలీ వేసుకుని వచ్చాడు. పెద్దవాడు కాబట్టి అన్నయ్యా అంటాను.

"మిరప నారు కూడా పట్టుకురమ్మంది తమ్ముడూ మరదలు. ఇక్కడ ఎండ ఎక్కువంట."

వాళ్ళింటికీ మా ఇంటికీ ఎండ ఒకటే. ట్రేలు అందించాను. ఎనభై నాలుగు. ఓ ఆరు ట్రేల్లో నారు వాడిపోయి ఉంది. ఆయన వాటిని చూసి, నన్ను చూసి, కింది వరసలో పెట్టాడు.

వెళ్ళేముందు కారు చూస్తానన్నాడు. లోపల కూర్చున్నాడు. బయటికి రావడానికి నా చెయ్యి అందుకున్నాడు.

"టైర్లు ఏవి వెయ్యమంటావు అన్నయ్యా?"

"గట్టివి వెయ్యి. మనకి ఏదైనా నాలుగు రోజులు మన్నాలి."

"ఆవిడ ఏమంటోంది?"

"టైర్ల గురించా?"

"మామూలుగా."

"ఏమీ అనట్లేదు తమ్ముడూ. అందుకే నాకు భయంగా ఉంది."

జూన్ 11

గట్టివే.

జూన్ 12

మెత్తవి. డబ్బు ప్రాణం కంటే ఎక్కువ కాదు కదా.

జూన్ 14

పద్నాలుగు వచ్చాడు. వాడి లారీకి పద్నాలుగు చక్రాలు, అదే పేరైపోయింది. ఒకప్పుడు ఖాళీ లారీ తూచేటప్పుడు, తర్వాత సరుకు లెక్క తక్కువ పడాలని, సీటు కింద రాళ్ళు పేర్చుకు వచ్చాడు. రాళ్ళన్నీ వాడి చేతే దింపించాను. అప్పటి నుంచి స్నేహం. ఇరవై రెండేళ్ళలో ఈ కాటా మీద నన్ను మోసం చేసినవాడు లేడు. ఇది గొప్పకి రాయడం లేదు.

"టైర్ల గురించి నన్నడిగితే ఎట్లా కాటా గారూ? నాకు పద్నాలుగున్నాయి, ఒకటి పేలినా ఊరు చేరతాను. మీకున్నవి నాలుగే. ఆలోచించుకోవాల్సింది మీరే."

"అదే ఆలోచిస్తున్నాను."

"అమ్మగారు ఊళ్ళో లేరంట?"

"టైర్లు మార్చగానే వెళ్ళి తెస్తాను."

"బస్సుంది కదండీ. పొద్దున ఏడింటికొకటి, పదింటికొకటి."

బస్సు సంగతి నాకు తెలియదా? చీటీ చేతిలో పెట్టి, వెనక బండ్లు ఆగి ఉన్నాయని చెప్పాను. వెనక బండ్లు లేవు.

జూన్ 17

అన్నయ్య వచ్చి నర్సరీ షెడ్డు మీది నీడ వల విప్పుకుపోయాడు. తాత్కాలికంగా అన్నాడు. నేను అడగలేదు, ఆయనే అన్నాడు. రెండుసార్లు.

జూన్ 18

మధ్యరకం ఆర్డరిచ్చాను.

మధ్యాహ్నం మళ్ళీ ఫోను చేసి మెత్తవి చెప్పాను. డీలరు దగ్గర గుమాస్తా మర్యాదస్తుడే. "సార్, ఇది మీ ఐదో ఫోను. మీరు మెత్తవే అని నేను పెద్ద అక్షరాలతో రాసుకుంటాను. మళ్ళీ చేసినా ఎత్తను" అన్నాడు.

మనసు తేలికైంది. ఇంకేముంది, టైర్లు రావడమే.

జూన్ 20

ఆవిడతో మాట్లాడాను.

"టైర్లకి ఆర్డరిచ్చాను."

"మంచిది."

"వారంలో వస్తాయి. రాగానే నీ దగ్గరికి వస్తాను."

"టైర్లు చూపించడానికా?"

ఒక మాట నోటి దాకా వచ్చింది. "మెత్తవి" అన్నాను.

అవతల కొంచెంసేపు ట్రేలు సర్దుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత పెట్టేసింది.

జూన్ 24

రెండు నీళ్ళ క్యాన్లు, స్ప్రేయరు, విత్తనాల డబ్బా. అన్నయ్య ఈసారి కాఫీకి ఆగలేదు.

జూన్ 26

టైర్లు వచ్చాయి. కొత్త రబ్బరు వాసన. ఒక్కో దాని పక్కన ఏ వైపు తిరగాలో బాణం గుర్తు. కారు మామ షెడ్డులో పెట్టి, బాణాలు ఒకటికి రెండుసార్లు చూపించి కాటాకి వచ్చేశాను. ధాన్యం లారీలు వరసగా ఉన్నాయి, కదలడానికి లేకపోయింది. సాయంత్రానికి కారు సిద్ధం. చూడ్డానికి ఎంతో బాగుంది.

"ఏమన్నా తేడా ఉంటే చెప్పు. నీది కాబట్టి ప్రత్యేకంగా చేశాను" అన్నాడు మామ.

జూన్ 27

ఏదో తేడా ఉంది. బయలుదేరేటప్పుడు బరువుగా కదులుతోంది. బ్రేకు వేసి ఆగాక, వెనక నుంచి ఎవరో మోచేత్తో పొడిచినట్టు ఇంకొంచెం ముందుకి తోస్తోంది. ముప్పై దాటితే స్టీరింగు వణుకుతోంది. మెత్తవి కదా, మొదట్లో ఇలాగే ఉంటుందేమో. అలవాటు పడాలి.

ఇవాళే వెళ్దామనుకున్నాను. అలవాటు పడ్డాక వెళ్తాను.

జూన్ 28

పొద్దున లారీలు రాకముందు కారుని కాటా మీద పెట్టాను. తెచ్చిన రోజు ఖాళీ కారు తొమ్మిది వందల ఎనభై కిలోలు తూగింది. ఇవాళ వెయ్యి ఎనభై.

ముందు కాటానే అనుమానించాను. పలక కింద మట్టి ఊడ్చాను, సున్నా సరిచూశాను. వెయ్యి ఎనభై. నేను దిగడం మర్చిపోయానా అని చూసుకున్నాను. దిగే ఉన్నాను. డిక్కీలో జాకీ, స్పానర్లు, గొడుగు తీసి కింద పెట్టాను. కొంచెం తగ్గింది. వంద కిలోలు ఎక్కడివి? ఇంకొకడి బండి అయితే ఏం చేసేవాణ్ణో అదే చేశాను. సీటు కింద చెయ్యి పెట్టి రాళ్ళ కోసం వెతికాను.

అప్పుడే పద్నాలుగు వచ్చి దిగాడు. నేను నా కారు సీటు కింద తల పెట్టి ఉండడం చూసి, "దొరికినయ్యా?" అన్నాడు. కారుని రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. చక్రాల్లో గలగలమంది.

ఇద్దరం రోడ్డు దాటి మామ దగ్గరికి వెళ్ళాం.

"టైర్లలో ఏముంది మామా?"

"నీళ్ళు" అన్నాడు, నవ్వుతూ. "నీళ్ళు పట్టాను."

"దేనికి?"

"పట్టు కోసం. తేలిక బండి, ఒట్టి గాలితో అయితే ఎగిరి ఎక్కడో పడుతుంది. ట్రాక్టరుకి మూడొంతులు పడతాను. నీది చిన్నబండి అని ఒక్కో దానికి పాతిక లీటర్లతో ఆపాను."

"ఎవరు పట్టమన్నారు?"

"ఎవరో అనాలా? నీ మంచికే గదా."

నాకు ఒళ్ళు మండిపోయింది. "బండి నాది. నడిపేది నేను. చేసేముందు నన్నొక్క మాట అడగొద్దా?"

"అడిగితే వద్దంటావు గదా అల్లుడూ" అన్నాడు మామ. మామూలుగానే అన్నాడు, కోపంగా కాదు.

అక్కడున్న ఆయన స్టూలు మీద కూలబడ్డాను. పద్నాలుగు నా మొహం చూసి, తన లారీకి తొందరుందని వెళ్ళిపోయాడు.

మామ నాలుగు చక్రాలూ విప్పి నీళ్ళు పారబోసి, ఆరబెట్టి, గాలి పట్టి బిగించేసరికి మధ్యాహ్నం అయింది. అంతసేపూ ఆ స్టూలు మీదే కూర్చున్నాను. కాటా దగ్గర హారన్లు కొట్టారు. లేవలేదు.

జూన్ 29

అన్నయ్య వచ్చి షెడ్డు స్తంభాలు పీకాడు. ఎనిమిది ఇనప స్తంభాలు. నేనే పట్టుకుని ఊపి ఇచ్చాను, ఆయన ఒక్కడికీ రావడం లేదు. ఈసారి తాత్కాలికంగా అనలేదు.

"తమ్ముడూ, నా మాట విను. అక్కడ నర్సరీకి అరెకరం చదును చేయించమంది మరదలు. చేయించానంటే అదక్కడే ఉండిపోతుంది. రేపు ఆదివారం వరకు ఆ పనివాళ్ళు దొరకలేదని చెప్తాను. అంతకంటే నా వల్ల కాదు. మీ వదినకి అబద్ధం చెప్పడం నాకు కొత్త."

ట్రాలీ వెళ్ళిపోయాక వెనక్కి వెళ్ళి చూశాను. ఎనిమిది గుంతలు. నేల మీద ట్రేలుండిన చోట చదరాలు చదరాలుగా లేత గడ్డి మొలిచింది. పద్నాలుగేళ్ళ నర్సరీ అది.

టైర్లు బాగున్నాయి. గాలి సరిపోయింది. గొడుగు కూడా డిక్కీలో ఉంది. ఇంకేమీ మిగల్లేదు.

జూన్ 30, ఆదివారం

ఎనిమిదింటికి బయలుదేరాను. పైకప్పు తీసి ఉంచాను. పెద్దరోడ్డు మీద ముప్పై ఎనిమిది కిలోమీటర్లూ టైర్లు అద్భుతంగా ఉన్నాయి. ఏం చెప్పాలా అని దారంతా ఆలోచించాను. టైర్ల గురించి మాత్రం ఎత్తకూడదని గట్టిగా అనుకున్నాను.

చివరి రెండు కిలోమీటర్లు మట్టిదారి. నిన్న వాన పడింది. రోడ్డుని వదలని టైర్లన్నారు. బురదని కూడా వదల్లేదు. వాళ్ళ పొలం గట్టు కనబడుతుండగా కారు నడుం దాకా దిగబడింది. తలుపు తెరిస్తే బురద లోపలికి వచ్చేలా ఉంది. అలాగే కూర్చుని హారన్ కొట్టాను. చాలా చిన్న హారన్ అది.

కాసేపటికి ట్రాక్టరు వచ్చింది. అన్నయ్య కాదు, నడుపుతున్నది ఆవిడ. ఆవిడకి ట్రాక్టరు వచ్చని నాకు తెలియదు. ఎప్పుడు నేర్చుకుందో తెలియదు. వెనక అన్నయ్య, వదిన నడుస్తున్నారు. వదిన చకచకా నడుస్తోంది.

ఆవిడ నన్ను చూసింది, కారుని చూసింది. అన్నయ్య మోకులు కట్టాడు. ఆవిడ గేరు వేసింది. నేను స్టీరింగు పట్టుకుని ఆవిడ వీపు వంక చూస్తూ కూర్చున్నాను. ట్రాక్టరు చప్పుడు చెవులు పగలగొడుతోంది. ఆ చప్పుడులో ఎవరికీ వినబడదు కదా అన్న ధైర్యంతో చెప్పేశాను.

ఆవిడ వెనక్కి తిరిగింది. "ఏంటి?"

ఇంకొంచెం గట్టిగా చెప్పాను. చెవి దగ్గర చెయ్యి పెట్టింది. తర్వాత ట్రాక్టరు ఆపి, ఇంజను కట్టేసింది.

ఊరంతా నిశ్శబ్దమైపోయినట్టు అనిపించింది. గట్టు మీద పనివాళ్ళు ముగ్గురు పారలు ఆనించి నిలబడ్డారు. పనివాళ్ళు దొరకలేదని చెప్తానన్నాడు అన్నయ్య. అన్నయ్య నేల చూస్తున్నాడు.

"ఇప్పుడు చెప్పండి."

"వ్యాను నిన్ను అడక్కుండా ఇచ్చేశాను. అడిగితే వద్దంటావని తెలిసే అడగలేదు. అది నీ పని బండి. నేను చేసింది తప్పు."

"నాకు సగం వినబడలేదు" అంది వదిన గట్టు మీద నుంచి.

మళ్ళీ చెప్పాను.

ఆవిడ స్టీరింగుకి అంటిన బురద అరచేత్తో తుడిచింది. "టైర్లు బాగున్నాయని చెప్పడానికి వచ్చారేమో అనుకున్నాను" అంది.

"బాగానే ఉన్నాయి" అన్నాను. అనకూడదనుకుంటూనే అన్నాను.

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ ముందుకి తిరిగి ఇంజను వేసింది. భుజాలు కదులుతున్నాయి. అది నవ్వో, ట్రాక్టరు ఊపో వెనక నుంచి తెలియలేదు.

భోజనాలయ్యాక చెప్పింది: "వ్యాను వస్తే ట్రేలు వస్తాయి. ట్రేలతో నేను వస్తాను."

జూలై 2

క్వారీ ఆయన దగ్గరికి వెళ్ళాను. కూలీలు వ్యానులో కూర్చోవడం లేదట, ట్రేల మట్టి ఎంత కడిగినా పోవడం లేదట. కారుకి కొత్త టైర్లు వేశానని విని ఆయన కళ్ళు మెరిశాయి. వ్యాను తిరిగి ఇచ్చేసి, కారు తన తమ్ముడికి ఇస్తానన్నాడు. ఎల్లుండి ఆయనే వచ్చి తీసుకుంటాడు.

జూలై 3

ఆవిడకి ముందే ఫోను చేసి చెప్పి వ్యాను తెచ్చుకున్నాను. క్వారీ రాళ్ళ మీద తిరిగి టైర్లు నాలుగూ పోయాయి. ఏ రకం వెయ్యాలో చూడాలి, పుస్తకం తెరిచాను. ఆవిడ అప్పటికే అన్నయ్య ట్రాక్టరు మీద వచ్చి దిగి, మామ షెడ్డు ముందు నిలబడి ఉంది. నేను వ్యాను పక్కకి పెట్టి వెళ్ళేలోపు బేరం అయిపోయింది.

"గట్టివి నాలుగు బాబాయ్. మధ్యాహ్నానికి కావాలి. నీళ్ళు పట్టొద్దు."

"నేనెందుకు పడతానమ్మా" అన్నాడు మామ, నా వంక చూసి. నా గురించి అంతా ఆవిడకి ఎవరు చెప్పారో అడగలేదు. సాయంత్రం రెండు విడతలుగా ట్రేలు, స్తంభాలు అన్నీ తెచ్చాం.

జూలై 4

పొద్దున్నే కారు కడిగాను. క్వారీ ఆయన పదింటికి వస్తాడు. ఆవిడ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి, కారు చుట్టూ ఒకసారి నడిచింది.

"ఒకసారి కూర్చోనా?"

తెచ్చింది మొదలు ఆవిడ అందులో కూర్చోలేదు. పెద్దరోడ్డు దాకా తీసుకువెళ్ళాను. గాలికి జుట్టు రేగుతుంటే ఒక చేత్తో పట్టుకుంది. చెరుకు లారీలు తిరిగే ఆ పెద్ద మలుపులో వేగం తగ్గించకుండా తిప్పాను. కారు గీత గీసినట్టు పోయింది. ఆవిడ రెండో చెయ్యి తలుపు మీద ఉంది గానీ గట్టిగా పట్టుకోలేదు.

"బాగుంది" అంది. కొంచెం దూరం పోయాక, "అడిగుంటే ఒప్పుకునేదాన్ని" అంది.

కారు పక్కకి తీసి ఆపేశాను.

"నిజంగానా?"

"లేదు" అంది. "పదండి, స్తంభాలు పాతాలి."